ఏడుగురం, ఒక వ్యాను, ఎనిమిది రోజులు: స్నేహితులతో శ్రీలంక రోడ్ ట్రిప్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే హాస్టల్లో నాలుగేళ్ళు కలిసి ఉన్న మేం ఏడుగురం, ఉద్యోగాలొచ్చి తలో ఊరూ పట్టాక, ఒక ఫిబ్రవరిలో వీలు చూసుకుని ఎనిమిది రోజులు శ్రీలంక తిరిగొచ్చాం. అప్పటి నుంచి తెలిసినవాళ్ళూ, వాళ్ళకు తెలిసినవాళ్ళూ ఫోన్ చేసి అడుగుతున్న ప్రశ్నలే ఇవి. జవాబులన్నీ ఒకచోట ఉంటే మీ గ్రూపులో అందరూ చదువుకుంటారని రాస్తున్నాను.

ఎనిమిది రోజుల్లో దేశమంతా చూసేయొచ్చా? మ్యాపులో చూస్తే చిన్నదే కదా?

చిన్నదే. మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. కానీ అక్కడి రోడ్డు మీద కిలోమీటర్ల లెక్క పనికిరాదు, గంటల లెక్కే వేసుకోవాలి. ఎక్స్‌ప్రెస్‌వేలు వదిలేస్తే చాలా దారులు రెండు లేన్లే. ఊరి మధ్య నుంచే పోతాయి. స్కూలు వదిలే వేళ తెల్ల యూనిఫాంల పిల్లలు, టుక్‌టుక్‌లు, గుడి దగ్గర ఆగే జనం అన్నీ ఆ దారి మీదే. సిగిరియా నుంచి క్యాండీ తొంభై కిలోమీటర్లే అయినా మూడు గంటలు పట్టిందనుకోండి, అది మామూలే. ఇక కొండల్లో గంటకు పాతిక ముప్ఫై కిలోమీటర్లు నడిస్తే గొప్ప.

ఇంకోటి, ఏడుగురు ఒక చోట టీకి దిగితే మళ్ళీ ఎక్కడానికి నలభై నిమిషాలు. ఒకడు ఫోన్ మాట్లాడుతుంటాడు, ఒకడు బాత్రూం వెతుక్కుంటాడు, ఇంకొకడు కొబ్బరిబొండం దగ్గర బేరమాడుతుంటాడు. అందుకే రోజుకు నాలుగు గంటలకు మించి ప్రయాణం పెట్టుకోకండి. ఈ పేజీలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటే చాలనుకుంటే, అది ఇదే.

మీరు వెళ్ళిన రూటు చెప్తారా?

కొలంబో దగ్గరి కటునాయక ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా సిగిరియా, అక్కడ రెండు రాత్రులు. తర్వాత క్యాండీలో ఒకటి, ఎల్లాలో రెండు, తిస్సమహారామలో ఒకటి, మిరిస్సాలో ఒకటి. చివరి రోజు గాల్ మీదుగా మళ్ళీ ఎయిర్‌పోర్టు. క్యాండీకి ఒక్క రాత్రి చాలలేదు, గాల్‌కు పూట సరిపోలేదు. మీకు పది రోజులు దొరికితే ఆ రెండు రోజులూ ఈ రెండు ఊళ్ళకే ఇవ్వండి, కొత్త ఊరు కలపకండి.

ఏ నెలలో వెళ్ళాలి?

దక్షిణం, పడమటి తీరం, కొండలు చూడాలంటే డిసెంబరు నుంచి మార్చి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు ఆ వైపే కొడతాయి. అప్పుడు తూర్పు తీరం పొడిగా ఉంటుంది కాబట్టి త్రింకోమలీ, అరుగం బే వైపు వెళ్ళాలి. అంటే ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక తీరం బాగుంటుంది, రూటు మాత్రం మారుతుంది. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం రెండువైపులా వాన. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను కొండ ప్రాంతాన్ని ఎంత దెబ్బతీసిందో వార్తల్లో చూసే ఉంటారు. మన కోస్తా వాళ్ళకు ఈ నెలల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మేమే కారు నడుపుకోవచ్చా?

మనలాగే ఎడమ వైపే నడుపుతారు, అలవాటు కష్టం కాదు. అయితే మన లైసెన్సు ఒక్కటే చాలదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని, దానికి అక్కడి అనుమతి కూడా వేయించుకోవాలి.

నా సలహా అడిగితే వద్దనే అంటాను. గ్రూపులో నడిపేవాడికి ట్రిప్ ఉండదు, వాడికి రోడ్డే మిగులుతుంది. పైగా అక్కడి బస్సులు ఎదురుగా వాహనం వస్తున్నా ఓవర్‌టేక్ చేస్తాయి, మనమే పక్కకు జరగాలి. అది తెలిసిన డ్రైవరు ఉంటే వెనక కూర్చున్న ఏడుగురికీ టెన్షన్ ఉండదు.

మరి వ్యాను ఎలా మాట్లాడుకోవాలి?

ఆరు నుంచి తొమ్మిది మంది ఉంటే "కేడీహెచ్ వ్యాన్" అని అడగండి. ఎత్తు పైకప్పు ఉండే టయోటా హయేస్‌ను అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. ఏడుగురికి సామాన్లతో సహా హాయిగా సరిపోతుంది.

మాకు మొదటి రోజే ఇబ్బంది ఎదురైంది. ఆన్‌లైన్లో బుక్ చేసుకున్నప్పుడు ఫొటోలో చూపించిన వ్యాను ఒకటి, వచ్చింది ఇంకొకటి. గంట తిరక్కుండానే ఏసీ ఆగిపోయింది. కిటికీలు సగమే తెరుచుకుంటాయి. ఎండలో రోడ్డు పక్క మూడు గంటలు నిలబడ్డాక వేరే వ్యాను పంపారు. మీకు ఆ పరిస్థితి రాకూడదు. కాబట్టి డబ్బు కట్టేముందే బండి నంబరు, లోపలి వీడియో అడగండి. ఎక్స్‌ప్రెస్‌వే టోలు, పార్కింగ్, డ్రైవరు బత్తా, అదనపు కిలోమీటరు రేటు ఇవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్లో అన్న మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

కానీ ఆ రెండో వ్యానుతో వచ్చిన డ్రైవరు మా ట్రిప్‌ను నిలబెట్టాడు. యాభై దాటిన మనిషి. దారి పక్కన గుడి కనిపిస్తే వ్యాను ఆపి, హుండీలో చిల్లర వేసి, ఒక్క క్షణం చేతులు జోడించి వచ్చేవాడు. సింహళంలో అన్నను "అయ్యా" అంటారు. మేమూ అలాగే పిలిచాం, మన చెవికి ఆ పిలుపులో గౌరవం కూడా కలిసొచ్చింది. మొదటి రెండు రోజులు భోజనానికి మాతో కూర్చోలేదు. మూడో రోజు మధ్యాహ్నం మావాడొకడు "అయ్యా, మీరు ఎక్కడ తింటారో మేమూ అక్కడే తింటాం" అని పట్టుబట్టాడు. ఆయన మమ్మల్ని ఒక రేకుల షెడ్డుకు తీసుకెళ్ళాడు. మట్టి పాత్రల్లో పనసకాయ కూర, బీట్‌రూట్ కూర, పప్పు, కాకరకాయ వేపుడు, కొబ్బరి పచ్చడి. కావలసినంత వడ్డించుకోవడమే. ఆ ట్రిప్ మొత్తంలో అంత మంచి భోజనం ఇంకెక్కడా దొరకలేదు.

హోటళ్ళు బుక్ చేసేటప్పుడు డ్రైవరుకు గది ఇస్తారా, ఆ గది ఎలా ఉంటుంది అని తప్పకుండా అడగండి. కొన్నిచోట్ల ఫ్యాను కూడా లేని మూల గదిలో పడుకోమంటారు. తెల్లారి మన ఏడుగురి ప్రాణాలూ ఆయన చేతుల్లోనే ఉంటాయి. ఆయనకు నిద్ర సరిగా పట్టేలా చూడటం మన పనే.

వీసా, విమానం సంగతి?

వీసా కోసం బయల్దేరకముందే ఆన్‌లైన్లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ఫీజు నియమాలు ఈ మధ్య చాలాసార్లు మారాయి కాబట్టి టికెట్ కొనే రోజు అక్కడి ప్రభుత్వ సైటులోనే చూడండి. అచ్చం దానిలాగే కనిపించే ప్రైవేటు సైట్లు రెట్టింపు గుంజుతాయి, జాగ్రత్త. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. చెన్నై నుంచి గంటన్నర ప్రయాణం. టైము మనదే, గడియారం మార్చుకోనక్కర్లేదు.

డబ్బులు ఎలా? అందరిలో ఎలా పంచుకోవాలి?

మన రూపాయికి వాళ్ళవి మూడు రూపాయల పైనే వస్తాయి. ఎయిర్‌పోర్టులోనే కొంత మార్చుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ మొదలైంది, పెద్ద దుకాణాల్లో అడిగి చూడవచ్చు. కొబ్బరిబొండానికీ టుక్‌టుక్‌కీ నగదే కావాలి.

పంపకానికి మేం చేసింది ఇది. బయల్దేరకముందే తలా ఇంత అని ఒకడి దగ్గర జమ చేశాం. వ్యాను, గదులు, టికెట్లు, భోజనాలు అన్నీ ఆ డబ్బులోంచే. మందు, షాపింగ్ ఎవరి జేబు వాళ్ళది. మాలో ఇద్దరు తాగరు. వాళ్ళ డబ్బుతో మిగతావాళ్ళు తాగడం న్యాయం కాదని ముందే అనుకున్నాం. ప్రతి రాత్రీ పడుకునేముందు ఖర్చు చదివి వినిపించాలన్నది నియమం. ఐదు నిమిషాల పని. స్నేహితుల మధ్య డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడతాం, ఆ మొహమాటమే తర్వాత మనసులో పెట్టుకోవడం దాకా వెళ్తుంది.

సిగిరియా లాంటి చోట్ల విదేశీయులకు టికెట్ చాలా ఎక్కువ. కానీ సార్క్ దేశాల వాళ్ళకు తగ్గింపు ఉంది. పాస్‌పోర్టు చూపిస్తేనే ఇస్తారు, గదిలో వదిలేసి వెళ్ళకండి.

సిగిరియా ఎక్కడం కష్టమా? మాలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు.

సుమారు పన్నెండు వందల మెట్లు. తిరుమల నడకదారి ఎక్కినవాళ్ళకు కష్టమనిపించదు, కానీ ఇక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి, పైన నీడ లేదు. తెల్లవారి తెరవగానే వెళ్ళిపోండి. తొమ్మిది దాటితే ఇనుప మెట్ల మీద ఒకరి వెనక ఒకరు ఇరుక్కుపోతారు. కందిరీగల తుట్టెలు ఉంటాయి, అరవకండి.

ఐదో శతాబ్దంలో తండ్రి ధాతుసేనుణ్ణి చంపి రాజైన కాశ్యపుడు, తమ్ముడు మొగ్గల్లానుడు ఎప్పుడు దండెత్తి వస్తాడోనన్న భయంతో ఆ బండ మీద కోట కట్టుకున్నాడు. సగం దారిలో గుహ గోడ మీద స్త్రీల చిత్రాలు, వాటి కింద అద్దం గోడ. వెయ్యేళ్ళ కిందట వచ్చినవాళ్ళు ఆ బొమ్మలను చూసి గోడ మీద వందల కొద్దీ పద్యాలు గీకి వెళ్ళారు. మోకాళ్ళ నొప్పి ఉన్న మా స్నేహితుడు చివరి మెట్ల మొదట్లో ఉండే పెద్ద సింహం పాదాల దాకా వచ్చి ఆగిపోయాడు. అక్కడిదాకా వచ్చినా చూడాల్సిందే చూసినట్టు. మిగతావాళ్ళు దిగేదాకా వాడికి తోడుగా ఒకరు ఉండండి.

క్యాండీలో బుద్ధుడి దంత మందిరం తప్ప ఏముంది?

తెలుగువాళ్ళు ఈ ప్రశ్న అడిగితే నాకు బాధేస్తుంది, మనకు ఎవరూ చెప్పలేదు కదా అని. క్యాండీని చివరగా ఏలిన నలుగురు రాజులు నాయకర్లు. మధురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న వంశం. 1739లో నరేంద్రసింహుడు వారసుడు లేకుండా పోతే, మధురై నుంచి వచ్చిన రాణి సోదరుడు శ్రీ విజయ రాజసింహ పేరుతో గద్దెనెక్కాడు. తర్వాత కీర్తి శ్రీ రాజసింహ. శైవ కుటుంబంలో పుట్టిన ఆయన, అడుగంటిపోయిన బౌద్ధ భిక్షు పరంపరను 1753లో సయాం నుంచి భిక్షువులను రప్పించి నిలబెట్టాడు. దంబుల్లా గుహల్లో ఇవాళ మనం తలెత్తి చూసే చిత్రాల్లో చాలావరకు ఆయన కాలంలో వేయించినవే.

చివరివాడు శ్రీ విక్రమ రాజసింహ. దంత మందిరం ముందున్న ఎనిమిది మూలల మంటపం, ఎదుటి సరస్సు ఆయన కట్టించినవి. 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని వేలూరు కోటకు పంపేశారు. 1832లో అక్కడే పోయాడు. సమాధి ఇప్పటికీ వేలూరులో పాలారు పక్కన ఉంది. చిత్తూరు నుంచి ముప్ఫై, నలభై కిలోమీటర్లే! మా చిత్తూరు స్నేహితుడు చిన్నప్పటి నుంచి ఆస్పత్రి పనులకు వేలూరు వెళ్ళొస్తూనే ఉన్నాడు, ఈ సంగతి క్యాండీ సరస్సు గట్టు మీద కూర్చున్నప్పుడే తెలిసింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తిరిగొచ్చాక ఆ సమాధి చూసి మాకు ఫొటో పంపాడు.

రాకపోకలు అంతకంటే పాతవి కూడా. నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. ఆ భిక్షువులు మన కృష్ణ ఒడ్డున ఉండేవారు. క్యాండీకి రెండు రాత్రులు ఇవ్వండి అని అందుకే అంటున్నాను.

ఎల్లా రైలు ఎక్కాల్సిందేనా?

ఎక్కండి, కానీ మొత్తం దూరం వద్దు. క్యాండీ నుంచి ఎల్లా ఆరేడు గంటలు. మేం వ్యానులో నువర ఎలియా దాకా వెళ్ళి, దారిలో టీ ఫ్యాక్టరీ చూసి, దగ్గర్లోని నాను ఓయా స్టేషన్లో ఎక్కాం. మూడు గంటల్లో ఎల్లా. సామాన్లతో అయ్యా రోడ్డు మీద వచ్చి స్టేషన్ దగ్గర కలిశాడు. రిజర్వేషన్ నెల ముందు తెరుస్తారు, ఏడు సీట్లు ఒకేచోట కావాలంటే ఆ రోజే కూర్చుని పట్టాలి. దిత్వా తుపానుకు ఈ లైను బాగా దెబ్బతింది. ఏ స్టేషన్ నుంచి ఎక్కడిదాకా నడుస్తోందో చూసుకునే రూటు వేసుకోండి. తలుపు దగ్గర వేలాడుతూ ఫొటోలు దిగొద్దు. సొరంగాలు చెప్పి రావు.

1921లో కట్టిన తొమ్మిది కమానుల వంతెన ఎల్లా నుంచి నడిచి వెళ్ళేంత దూరం. పొద్దున్నే వెళ్తే పొగమంచులో మీరూ వంతెనే ఉంటారు.

మాలో ఇద్దరు శాకాహారులు. తిండి దొరుకుతుందా?

మనకంటే ఎక్కువ కూరగాయలు తింటారు వాళ్ళు. అన్నం, నాలుగు కూరలు, పప్పు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక్కటే జాగ్రత్త. పోల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో, కొన్ని కూరల్లో కూడా ఉంబలకడ అనే ఎండుచేప పొడి వేస్తారు. కంటికి కనిపించదు. "ఉంబలకడ లేదు కదా" అని పేరు పెట్టి అడిగితేనే సరైన జవాబు వస్తుంది.

అప్పా అంటే గిన్నెలా ఉండే అట్టు, ఇంది అప్పా అంటే ఇడియాప్పం. రాత్రి వేళ ఇనుప పెనం మీద టకటకా చప్పుడు వినిపిస్తే అక్కడ కొత్తు రొట్టె, అంటే రొట్టెను పెనం మీదే ముక్కలు కొట్టి కూరగాయలతో వేయించేది, చేస్తున్నారని అర్థం.

హంబన్‌తోట దారిలో గేదె పెరుగు దుకాణాలు వరసగా ఉంటాయి. మట్టి మూకుడులో తోడుపెట్టి, పైన కాగితం కట్టి, చూరుకు వేలాడదీస్తారు. ఒక పెద్దావిడ మాకు చెక్క గరిటెతో కోసి పెట్టింది. గరిటె పెట్టిన చోట గుంట అలాగే నిలిచింది, నీరు ఊరలేదు. దాని మీద జీలుగు చెట్టు నీరాతో కాచిన నల్లని పాకం పోసింది. మా గుంటూరువాడు కళ్ళు మూసుకుని "మా అమ్మమ్మ తోడుపెట్టినట్టే ఉందిరా" అన్నాడు. ఏడుగురం మూడు మూకుళ్ళు ఖాళీ చేశాం. పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టుండని మనలాంటి వాళ్ళు ఆ దారిలో ఆగకుండా పోకూడదు.

యాలానా, ఉడవలవేనా?

రెండూ జీపులో తిరిగి జంతువులను చూసే నేషనల్ పార్కులే. చిరుత కోసమైతే యాలా, ఏనుగుల కోసమైతే ఉడవలవే. యాలాలో చిరుత కనపడిందంటే ముప్ఫై జీపులు చుట్టుముడతాయి, నాకది నచ్చలేదు. మళ్ళీ వెళ్తే ఉడవలవేకే ఓటు. యాలాలో ఎక్కువమంది వెళ్ళే ఒకటో బ్లాకును సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో కొన్ని వారాలు మూసేస్తుంటారు. జీపులో ఆరుగురే పడతారు. ఏడో మనిషి ఉంటే ఇబ్బందే, ముందే చెప్పండి.

రోడ్డు మీద ఏనుగు ఎదురైతే?

హబరణ వైపు సాయంత్రాలు, బుత్తల నుంచి కతరగామ దారిలో ఎప్పుడైనా ఎదురవుతాయి. దిగకండి, లైట్లు కొట్టకండి, అరటిపళ్ళు అందించకండి. అలా ఇచ్చి ఇచ్చే వాటికి బళ్ళు ఆపడం అలవాటైంది. చీకటి పడ్డాక ఆ దారుల్లో ప్రయాణమే పెట్టుకోవద్దు.

సముద్రం దగ్గర ఏం చూడాలి?

మిరిస్సాలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తిమింగలాలు చూపించే పడవలు వెళ్తాయి. వాంతులయ్యేవాళ్ళు మాత్ర ముందే వేసుకోండి. ఎర్ర జెండా ఉన్నచోట నీళ్ళలో దిగకండి. తాగి అసలు దిగకండి, ఎంత ఈతగాడైనా సరే. దీనిమీద మీ గ్రూపులో వాదన వస్తే వద్దన్నవాడి మాటే వినండి.

గాల్ కోట గోడ మీద సాయంత్రం నడవండి. పోర్చుగీసులు మొదలుపెట్టగా డచ్చివాళ్ళు పెంచిన కోట అది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు లోపలి ఊరిని ఆ గోడలే చాలావరకు కాపాడాయి. అక్కడి నుంచి హిక్కడువ దాటి కొంచెం పైకి వెళ్తే పెరలియ. ఆ రోజు అక్కడ ఆగి ఉన్న రైలును అల ఎత్తి పడేసింది, వెయ్యిమందికి పైగా పోయారు. ఇప్పుడు స్మారకం ఉంది. ఆ పూట మన తీరంలోనూ ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో మా నెల్లూరు స్నేహితుడికి గుర్తుంది. పది నిమిషాలు ఆగండి.

భాష రాకపోతే?

ఇంగ్లీషుతో గడిచిపోతుంది. తమిళం కొంచెం వస్తే ఇంకా మంచిది. నమస్కారానికి "ఆయుబోవన్", థాంక్స్‌కు "స్తుతి". తమ్ముణ్ణి "మల్లీ" అంటారు. హోటల్లో ఎవరో పదేపదే అలా అంటుంటే మళ్ళీ ఏం కావాలా అని మేం చాలాసేపు వెతుక్కున్నాం.

గుళ్ళలో, పండగ రోజుల్లో ఏం పాటించాలి?

భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, చెప్పులు విడవాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడ పెద్ద తప్పు. ప్రతి పౌర్ణమీ "పోయ", ఆ రోజు సెలవు, మందు అమ్మరు. క్యాలెండరు చూసుకోండి.

ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే?

1990కి ఫోన్ చేయండి. "సువ సెరియ" అంబులెన్సు, ఉచితం. మన హైదరాబాదులో 108ను నడిపిన జీవీకే ఈఎంఆర్ఐ సాయంతో, భారత ప్రభుత్వ గ్రాంటుతో 2016లో అది మొదలైంది. పోలీసులకు 119, టూరిస్టు పోలీసులకు 1912. ఈ మూడు నంబర్లూ అందరి ఫోన్లలో ఉండాలి, ఒక్కడి ఫోన్లో ఉంటే లాభం లేదు.

ఇంతమంది కలిసి వెళ్తే గొడవలు రావా?

వచ్చాయి. ఐదో రోజు ఎల్లాలో, కొండెక్కుదామన్నవాళ్ళకీ పడుకుందామన్నవాళ్ళకీ. గంటసేపు ముఖాలు మాడ్చుకుని చివరికి నలుగురు లిటిల్ ఆడమ్స్ పీక్ ఎక్కారు, ముగ్గురు వరండాలో టీ తాగుతూ వాన చూశారు. సాయంత్రం కలిసినప్పుడు చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా కబుర్లున్నాయి. ఎనిమిది రోజుల్లో కనీసం ఒక పూట ఎవరిష్టం వాళ్ళదని ముందే రాసిపెట్టుకోండి.

చివరి రోజు ఎయిర్‌పోర్టుకు ఎంత ముందు బయల్దేరాలి?

గాల్ నుంచి సదరన్ ఎక్స్‌ప్రెస్‌వే మీద కొలంబో దాకా సాఫీగా వస్తారు, అక్కడి నుంచి ట్రాఫిక్‌ను బట్టి. మొత్తం మూడున్నర గంటలు, పైన విమానానికి మూడు గంటలు లెక్కేసుకోండి. డ్రైవరుకు ఇవ్వాల్సిన కానుక కవరులో ముందే పెట్టి ఉంచండి. ఎయిర్‌పోర్టు ముందు ఎక్కువసేపు ఆగనివ్వరు. మేం సామాన్లు దింపుకునే హడావిడిలో ఉంటే అయ్యా సీటు కిందనుంచి ఒక సంచీ తీసి ఇచ్చాడు. హంబన్‌తోటలో మేం ఖాళీ చేసిన మూడు మూకుళ్ళూ కడిగి, పేపరు చుట్టి తెచ్చాడు. ఒకటి నా వంటింట్లో ఉంది, రోజూ దాంట్లోనే తోడుపెడుతున్నాను.